గీత లోపల జానెడు

వీధిలో అందరూ ఆయన్ని లైన్‌మన్ అనేవారు. ఆ వీధికి కొత్తగా వచ్చినవాళ్లు కరెంటు పోయిందంటే చాలు, ఆయన తలుపు కొట్టేవారు. "నేను స్తంభాలెక్కే లైన్‌మన్‌ని కాదండీ, ఫుట్‌బాల్ ఆటలో గీత పక్కన జెండా పట్టుకుని పరిగెత్తినవాణ్ణి" అని చెప్పీ చెప్పీ ఆయనకి నోరు నొప్పెట్టింది. చివరికి ఫ్యూజు వేయడం నేర్చుకున్నాడు. వివరించడం కంటే అదే తేలిక.

జెండా పట్టుకోవడం ఆదివారాల పని. అసలు ఉద్యోగం పోస్టాఫీసులో ఉత్తరాలు వేరు చేయడం. గోడ నిండా గూళ్లు, ఎదురుగా ఈయన. కోడి కెలికినట్టున్న చిరునామాని కూడా ఒక్క చూపుతో చదివి, చెయ్యి చాపి ఏ గూట్లో పడాల్సిన ఉత్తరాన్ని ఆ గూట్లో పడేసేవాడు. ముప్ఫై ఒక్క ఏళ్లలో తన చేతిమీదుగా ఒక్క ఉత్తరం దారి తప్పలేదని చెప్పుకునేవాడు. అది నిజమే కూడా. "నా నోరు తప్పొచ్చు, కాలు తప్పొచ్చు, కన్ను తప్పదు" అనేవాడు. పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి. అయితే అప్పటిదాకా ఆయన పట్టిన కుందేళ్లన్నిటికీ, ఏం చిత్రమో, నిజంగానే మూడే కాళ్లు ఉండేవి.

నలభై ఒకటో ఏట ఆయనకి కప్పు ఫైనల్లో జెండా పట్టే అవకాశం వచ్చింది. ఒక పక్క ఎర్రచొక్కాల జట్టు. సముద్రం పక్కనున్న ఊళ్లన్నీ ఆ జట్టువే. ఈయన ఊరూ వాళ్లదే, ఈయన భార్య పుట్టిపెరిగిన రేవుపట్నమైతే సరేసరి. ఇంకొక్క నిమిషంలో ఆట అయిపోతుందనగా ఎర్రచొక్కా ఆటగాడు ఒకడు బంతిని పక్కగీత వెంటే దొర్లించుకొచ్చి మధ్యకి తన్నాడు. ఇంకొకడు దాన్ని తలతో గోల్లోకి కొట్టాడు. జనం అరుపులకి ఆటస్థలం పైకప్పు లేచిపోయినంత పనైంది. కానీ అప్పటికే లైన్‌మన్ జెండా గాల్లో ఉంది. మధ్యకి రాకముందే బంతి గీత దాటి బయటికి పోయిందని దాని అర్థం. రిఫరీ ఆ గోలు చెల్లదన్నాడు. ఆ తర్వాత ఆడించిన అదనపు ఆటలో ఎర్రచొక్కాలు ఓడిపోయాయి.

బంతి నిజంగా గీత దాటిందా లేదా అన్నది తేలలేదు. టీవీలో ఎటునుంచి చూపించినా ఆటగాడి కాలు అడ్డం. "నేను కళ్లారా చూశాను" అన్నాడు లైన్‌మన్. అడిగిన ప్రతివాడికీ అదే మాట.

ఆయన భార్యకి బట్టలు కుట్టే చిన్న దుకాణం ఉండేది. వారం తిరక్కుండా దాని అద్దం పగిలింది. నెల తిరక్కుండా బేరాలు పోయాయి. ఊరికి ఇంకో చివరనున్న వీధికి ఇల్లూ దుకాణమూ మార్చుకున్నారు. ఆమె పల్లెత్తు మాట అనలేదు. "మీరు చూశానంటే చూసినట్టే" అంది. అని ఊరుకోలేదు, అలాగే బతికింది. కొళాయి దగ్గర, కూరల దుకాణంలో, ఎవరేమన్నా ఆయన తరఫున గొంతెత్తి పోట్లాడింది.

పిల్లలు లేరు. పుట్టింటివైపు ఆమెకున్నది ఒక్క అన్నయ్య. రేవులో పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. అమ్మానాన్నా పోయాక చెల్లెల్ని పెంచి, కుట్టుపని నేర్పించి, పెళ్లి చేసినవాడు. ఆట అయిన పదో రోజున ఆయన వచ్చాడు. అన్నం తినేదాకా ఏమీ అనలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి నెమ్మదిగా అడిగాడు.

"బావగారూ, మనసులో పెట్టుకోకండి. నిజంగా చూశారా?"

"చూడకుండా జెండా ఎత్తుతానా?"

"నేను సరిగ్గా మీకెదురుగా కూర్చున్నాను బావగారూ. బంతి మీ ముందుకొచ్చినప్పుడు మీ తల కిందికుంది. మీరు చూడలేదు."

లైన్‌మన్ మనిషి మంచివాడే. కానీ ఆ పది రోజుల్లో ఆయన ఒంటిమీద ఎక్కడ ముట్టుకున్నా పుండే. లేచి తలుపు తీసి పట్టుకున్నాడు. పెద్దాయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. అప్పుడు లైన్‌మన్ భార్య వైపు తిరిగి అన్నాడు: "ఆ గడప తొక్కేటట్టయితే మళ్లీ ఈ గడప తొక్కక్కర్లేదు."

అలా ఇరవై నాలుగేళ్లు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం రేవునుంచి వదిన ఫోన్ చేసింది, అన్నయ్య పోయాడని. ఆమె ఫోను పెట్టేసి గుమ్మం దగ్గర నిలబడి, "వెళ్లనా?" అని అడిగింది. ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే, "నీ ఇష్టం. నా మాట నీకు తెలుసుగా" అన్నాడు. ఆమె వెళ్లలేదు. ఆ రోజు ఏడు ప్యాంట్లకి అంచులు కుట్టింది. ఏడింటినీ మర్నాడు విప్పి మళ్లీ కుట్టాల్సొచ్చింది.

ఇంకో రెండేళ్లకి, ఆయన అరవై ఏడో ఏట, పేపర్లో ఒక వార్త పడింది. ఎర్రచొక్కాల జట్టు రేవుపట్నంలోని తమ ఆటస్థలంలో అభిమానుల కోసం పెద్ద ప్రదర్శనశాల తెరిచింది. పాత కప్పులు, చొక్కాలు, బూట్లు. వాటితోపాటు, ఆనాటి ఫైనల్లో ఎవరో ప్రేక్షకుడు ఎదుటివైపునుంచి తీసుకున్న ఫిల్మ్. ఆ ప్రేక్షకుడు పోయాక వాళ్లింటి అటక మీద దొరికిందట. "జెండా ఎత్తిన క్షణం ఇందులో స్పష్టంగా ఉంది. వచ్చి మీరే చూసి తేల్చుకోండి" అని రాశారు. ఏం తేలుతుందో మాత్రం రాయలేదు.

ఆ కాగితాన్ని కత్తిరించి కళ్లజోడు పెట్టెలో దాచుకున్నాడు. అప్పటినుంచీ ఆయనకి తిండి సయించలేదు, కంటిమీద కునుకు లేదు. తన మాటే నిజమని గోడమీద బొమ్మేసి చూపిస్తారు. అప్పుడా కొళాయి దగ్గరివాళ్లూ కూరల దుకాణంవాళ్లూ మొహాలెక్కడ పెట్టుకుంటారు? చచ్చేలోపు అదొక్కటీ చూడాలి. అది చూడకపోతే తను బతికిందంతా దేనికి?

ప్రదర్శనశాలా, రేవుగట్టు చుట్టూ పడవ షికారూ, ఒక పూట బసా కలిపి రెండు రోజుల టికెట్టు అమ్ముతున్నారు. రెండు కొన్నాడు.

"రేవుకా?" అంది భార్య. కుట్టుమిషను చక్రం ఆగింది. "మీరే తీసుకెళ్తారా?"

"ముసలాళ్లమయ్యాం. సరదాగా ఒకసారి చూసొద్దాం."

బయల్దేరేదాకా నాలుగు రోజులూ ఆమె ఏదో కూనిరాగం తీస్తూ పనిచేసుకుంది. సంచి సర్దుతున్నప్పుడు అడుగున ఆరు కొత్త దిండు గలీబులు పెట్టడం ఆయన చూశాడు. అంచులకి నీలం దారంతో పూలు కుట్టి ఉన్నాయి. అవి ఎవరికోసమో ఆయనకి అర్థమైంది. ఈ ప్రయాణం తనకోసమేననీ, వదిన ఇంటికి తీసుకెళ్లడానికే మొగుడు మొహమాటపడి షికారు వంక పెట్టాడనీ ఆమె అనుకుంటోంది. కాదని చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. చెప్పాల్సిన అవసరమూ కనిపించలేదు. ఫిల్మ్ చూశాక అన్నీ వాటంతటవే సర్దుకుంటాయనుకున్నాడు.

నాలుగు గంటల రైలు ప్రయాణం. దిగగానే ఆమె ముక్కుపుటాలు ఎగరేసి గాలి పీల్చింది. "ముందు గట్టు మీదకి వెళ్దామండీ. తారువాసన వస్తోంది చూడండి. మా అన్నయ్య చొక్కాలన్నీ ఇదే వాసన."

"ముందు ప్రదర్శనశాల. తర్వాత జనం పెరుగుతారు."

ప్రదర్శనశాల నిండా ఎర్ర కండువాలే. అద్దాల పెట్టెల్లో మట్టి అంటిన బూట్లు, వాటిముందు ఫొటోలు దిగే కుటుంబాలు. ఎప్పుడో పాతికేళ్ల కిందట లైన్‌మన్ మీసం తీసేశాడు. ఐనా తల వంచుకునే నడిచాడు. చివరిగది గుమ్మం మీద "దొంగ జెండా" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అది చదివి భార్య ఆగిపోయింది.

"ఈ గదిలోకి నేను రాను. మీరూ వద్దండీ. ఎందుకు, పుండు కెలుక్కోవడం?"

"ఐదు నిమిషాలు."

"బయట బెంచీ మీద కూర్చుంటా. పడవ పదకొండున్నరకి, గుర్తుంచుకోండి."

గదిలో ఒక మూల గుడ్డతో చేసిన నిలువెత్తు బొమ్మ ఉంది. గుబురు మీసం, దొండపండంత ముక్కు, పైకెత్తిన చేతిలో జెండా. ఎదురుగా బుట్టనిండా గుడ్డబంతులు. వచ్చినవాళ్లు తలా ఒకటి తీసి బొమ్మని కొడుతున్నారు. ఒకతను తన మూడేళ్ల కూతుర్ని ఎత్తి పట్టుకుని, "ముక్కు మీద తల్లీ, ముక్కు మీద!" అంటున్నాడు. గది చూసుకునే అమ్మాయి లైన్‌మన్ చేతిలో కూడా ఒక బంతి పెట్టి, "మీరూ ఒకటి వేయండి తాతగారూ, కసి తీరుతుంది" అంది.

ఆయన బంతి పట్టుకునే నిలబడ్డాడు. ఎదురుగోడ మీద ఫిల్మ్ తిరుగుతోంది. మొత్తం నలభై సెకన్లు. అయిపోగానే మళ్లీ మొదలు.

మొదటిసారి ఆయన బంతినే చూశాడు. ఆటగాడు గీత వెంట పరిగెత్తుకొస్తున్నాడు. ఒక అడుగు గీత బయట పడింది. అడుగే, బంతి కాదు. బంతికీ గీతకీ మధ్య జానెడు పచ్చిక ఉంది. ఎంత కళ్లు చికిలించినా ఆ పచ్చిక అక్కడే ఉంది.

రెండోసారి తనని చూసుకున్నాడు. సన్నగా, నిక్కర్లో, నల్ల మీసంతో పరిగెత్తుకొస్తున్నాడు. నేలమీద కెమెరావాళ్ల వైరు ఒకటి చుట్టలుగా పడి ఉంది. కాలికి తగిలింది. తూలాడు, తల కిందికి వంచి కాలు విదిలించుకున్నాడు. సరిగ్గా అప్పుడే బంతి ఆయన ముందునుంచి వెళ్లిపోయింది. తలెత్తేసరికి గీత బయట ఆటగాడి అడుగు కనిపించింది. తలా, జెండా ఒక్కసారే లేచాయి.

ఆ వైరు ఆయనకి గుర్తే లేదు. ఇరవై ఆరేళ్లుగా ఎన్ని వేలసార్లు ఆ క్షణాన్ని కళ్లముందు తిప్పుకున్నాడో, ఒక్కసారి కూడా అందులో వైరు లేదు. బంతి గీత దాటడం మాత్రం ఎప్పుడూ ఉంది. తెల్లగా, సుబ్బరంగా, బెత్తెడు బయట. అది ఎక్కడినుంచి వచ్చింది? ఎప్పుడు వచ్చింది?

ఆరుసార్లు చూశాడు. ఫిల్మ్ నెమ్మదిగా తిప్పుకోవడానికి గోడ పక్కన ఒక పిడి ఉంది. దాన్ని పట్టుకుని ముందుకీ వెనక్కీ తిప్పాడు. వెనకవాళ్లు విసుక్కున్నారు. "ఇది తిరగేసి చూపిస్తున్నారేమో అమ్మా. ఏదో తేడా ఉంది. ఒకసారి సరిచూడండి" అన్నాడు ఆ అమ్మాయితో.

"తేడా ఏం లేదు తాతగారూ. అందరూ చూస్తున్నదేగా."

"నేనమ్మా. అది నేను."

ఆ అమ్మాయి నవ్వింది. "నెలకి ఇద్దరు ముగ్గురు వస్తారండీ, మేమేనంటూ."

ఆయన జేబులోంచి పాత గుర్తింపుకార్డు తీశాడు. తను గెలిచినప్పుడు చూపిద్దామని తెచ్చుకున్నది. ఆ అమ్మాయి ఫొటోనీ, ఆయన్నీ, మూలనున్న బొమ్మనీ మార్చి మార్చి చూసింది. మొహంలో నవ్వు పోయింది. "ఒక్క నిమిషం ఉండండి, మా సార్‌ని పిలుస్తాను. ఒక ఫొటో తీసుకోవచ్చా?" ఆ మాట విని కూతుర్ని ఎత్తుకున్నతను వెనక్కి తిరిగాడు. ఇంకో ఇద్దరు తిరిగారు. ఎవరూ తిట్టలేదు, బంతి విసరలేదు. ఊరికే చూస్తూ నిలబడ్డారు. లైన్‌మన్‌ చేతిలో బంతిని ఎక్కడ పెట్టాలో తెలియక దాంతోనే బయటికి వచ్చేశాడు.

"ఇదేమిటీ, బంతి కొన్నారా?" అంది భార్య. "మొహం అలా ఉందేం? నేను చెప్తూనే ఉన్నాను. పదండి, గాలి తగిలితే తేరుకుంటారు."

పడవలో పైఅంతస్తులో కూర్చున్నారు. ఎండ నీళ్లమీద పడి కళ్లు జిగేల్మంటున్నాయి. గైడు మైకులో ఏదో చెబుతున్నాడు గానీ ఆమె ఆ మాట వినడం లేదు. తనే గైడయిపోయింది. "అదిగో, ఆ గోదాముల వెనక మా బడి. అక్కడే అన్నయ్య నాకు ఈత నేర్పించాడు, నడుముకి తాడు కట్టి. ఆ తాళ్ల దుకాణం పైన, మూడో అంతస్తు, ఆకుపచ్చ కిటికీ ఉందే, అదే మా ఇల్లు. వదిన ఇప్పుడూ అక్కడే. బట్టలు ఆరేసింది చూడండి." ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. "మీరీపాటి మనసు చేసుకుంటారని నేను కల్లో కూడా అనుకోలేదండీ. రెండేళ్ల ముందు చేసుకుని ఉంటే... పోనీలెండి, ఇప్పుడెందుకు."

ఇంకొక్క మాట అంటే తన గుండె పగిలేట్టుందని ఆయనకి అనిపించింది.

"నేను అందుకు రాలేదు" అన్నాడు. "ఫిల్మ్ చూద్దామని వచ్చాను. నేనే గెలిచానని చూద్దామని."

ఆమె చెయ్యి తీయలేదు. "చూశారుగా?"

"బంతి లోపలే ఉంది. జానెడు లోపల. నేను చూడనేలేదు. కాలికి వైరు తగిలి తల దించుకున్నాను." "మీ అన్నయ్య చెప్పిందే నిజం. అక్షరం పొల్లుపోకుండా."

ఆమె ఆకుపచ్చ కిటికీ వైపు చూసింది. తర్వాత మోకాలి మీది చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

"నేను అడిగాను" అంది. "గుమ్మం దగ్గర నిలబడి అడిగాను. వెళ్లనా అని."

"తెలుసు."

"నువ్వు తల కూడా ఎత్తలేదు."

నలభై ఏళ్ల కాపరంలో ఆమె ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. అరిచి ఉంటే ఆయనకి కాస్త ఊపిరాడేది. అరవలేదు.

"నన్ను పెంచినవాణ్ణి అబద్ధాలకోరన్నాను. నీ కోసం ఊరందరి ముందూ అన్నాను. వాడు పోతే కడసారి మొహం చూడలేదు. నువ్వు చూశానన్నావని. చూడనిదాన్ని చూశానన్నావని!"

"అబద్ధం చెప్పలేదే. చూశాననే అనుకున్నాను. ఒట్టు..."

"ఒట్లు చాలు."

పడవ పాత రేవు దగ్గర ఆగింది. వాళ్లు దిగాల్సింది అక్కడ కాదు. ఆమె సంచి తీసుకుని దిగిపోయింది. ఆయన వెనకాలే దిగాడు. పిలవడానికి ధైర్యం చాలక ముప్ఫై అడుగుల దూరంలో నడిచాడు. చేపల వలలు ఆరేసిన గట్టు మీదుగా, తాళ్ల దుకాణం పక్క సందులోంచి, ఇరుకు మెట్లు ఎక్కుతూ పైకి. రెండో అంతస్తు మలుపులో ఆయన ఆగిపోయాడు. పైన తలుపు తెరుచుకున్న చప్పుడు. తర్వాత రెండు గొంతులు, ఒకదాన్నొకటి పట్టుకుని ఏడవడం వినిపించింది.

అక్కడినుంచే తిరిగి వెళ్లిపోవచ్చు. కానీ ఆయన ఆ చివరి మెట్లు కూడా ఎక్కాడు. వదిన బక్కగా, నెరిసిన జుట్టుతో, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"చెల్లెమ్మా, బావగారు చెప్పిందే నిజం. తప్పు నాది. ఆ మాట చెబుదామని..."

ఆమె ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. కోపంగా కూడా చూడలేదు.

"ఆ సంగతి మాకు ఇరవై ఆరేళ్ల కిందటే తెలుసు అన్నయ్యగారూ. చెప్పాల్సిన మనిషికి చెప్పలేకపోయారు. నాకెందుకు?" అంది. "ఆయన పోయేముందు నాలుగు రోజులూ తలుపు వైపే చూశాడు" అని, తలుపు నెమ్మదిగా వేసింది.

లైన్‌మన్ ఆ సాయంత్రందాకా గట్టు మీద బెంచీపై కూర్చున్నాడు. షికారుకొచ్చినవాళ్లు అటూ ఇటూ తిరుగుతున్నారు. నీళ్లలోకి చూస్తే ఏవేవో ఆలోచనలు వచ్చాయి. రేవు కాపలావాడు రెండుసార్లు వచ్చి, "పెద్దాయనా, అంచున కూర్చోకండి, జారుతుంది" అన్నాడు. రెండోసారి ఆయన్ని చెయ్యి పట్టి లేపి, టీ దుకాణం ముందు కుర్చీలో కూర్చోబెట్టి పోయాడు. మర్నాడు రైలు కదిలేదాకా ప్లాట్‌ఫారం మీదే చూశాడు. ఆమె రాలేదు. పక్క సీటు ఖాళీగానే ఊరు చేరింది.

ఇంటికొచ్చాక ఆయన చేసిన మొదటి పని, పేపరుకి ఉత్తరం రాయడం. ఆనాడు జెండా ఎత్తింది తప్పనీ, తాను బంతిని చూడలేదనీ, పేరూ ఊరూ పెట్టి రాశాడు. మూడో పేజీ అడుగున వేశారు. ఆ రోజంతా తలుపు తీసి కూర్చున్నాడు, ఎవరైనా వచ్చి తిడతారని, కనీసం రాయి విసురుతారని. సాయంత్రం కూరల దుకాణంవాడు ఒక్కడు అటుగా పోతూ, "చదివాను మామా. పోనీలే, ఎప్పటి సంగతో" అన్నాడు. ఆ మాట ఆయన్ని రాయికంటే గట్టిగా తాకింది. ఊరు ఎప్పుడో దింపుకుని పోయిన బరువు. అది తన ఇంట్లోనే ఉంది.

పంతొమ్మిదో రోజున భార్య వచ్చింది. నెలలో సగం రోజులు వదిన దగ్గర ఉంటాననీ, అడ్డుచెప్పొద్దనీ చెప్పింది. ఆయన తలూపాడు. తలూపడం తప్ప ఆయనకింకేం మిగల్లేదు. వంట నేర్చుకున్నాడు. ఆమె లేని రోజుల్లో దుకాణం తీసి, వచ్చినవాళ్ల బట్టలు తీసుకుని చీటీలు రాసి పెట్టాడు. మళ్లీ "మీరు" అన్నమాట ఆమె నోట రాలేదు.

ఒకరోజు ఆమె రేవుకి బయల్దేరుతూ, చెప్పులేసుకుంటూ అడిగింది.

"ఒక్కటి చెప్పు. అన్నయ్య అడిగాడు చూడు, అన్నం తిన్నాక, నిజంగా చూశారా అని. అప్పుడు నీకు గుర్తులేదా, గుర్తుండే తలుపు తీశావా?"

ఆయన చాలాసేపు వెతుక్కున్నాడు. ఆ గది, ఆ కంచం, తడిచేతులు తుడుచుకుంటున్న బావగారు. అన్నీ కనిపించాయి. తన మనసులో అప్పుడేముందో మాత్రం కనిపించలేదు.

"తెలియడం లేదే" అన్నాడు.

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఆ జవాబు ఆమెకి సరిపోయిందో లేదో ఆయన కనుక్కోలేకపోయాడు. "పొయ్యి మీద పాలున్నాయి, చూసుకో" అని చెప్పి, రైలుకి టైమవుతోందని గబగబా నడిచి వెళ్లిపోయింది.